కుదురుగా ఉండని పిల్లవాడు

మా మేనమామ పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున లాల్‌దర్వాజా నుంచి వచ్చింది. నేను వెళ్లేసరికి ఆయన ఫొటో దుకాణం ముందు జనం పోగై ఉన్నారు. ఏడ్చేవాళ్లకంటే ఆయన తిట్లు తలుచుకునేవాళ్లే ఎక్కువ. నా వాటాకు వచ్చినన్ని తిట్లు మాత్రం వాళ్లలో ఎవరికీ వచ్చి ఉండవు.

కాలేజీ చదివే ఆడపిల్లకు కెమెరా ఏమిటని ఇంట్లో లొల్లి జరుగుతుంటే, పాత డబ్బా కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది ఆయనే. దాని అద్దం చవకది. నీడపట్టున తియ్యాలంటే కాసేపు తెరిచి ఉంచాలి. ఆలోగా ఎదుటి మనిషి కదిలితే మొహం అలుక్కుపోతుంది. అలా చెడినవన్నీ గిరాకీల ముందే చించి నా ఒళ్లో పోసేవాడు. "అద్దం అగ్గువదైతె కన్ను అరగదీయాలె, బిడ్డా" అనేవాడు. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన నోట ఒకటే మాట: కుదురుగుండు. ఒక పెళ్లికొడుకును చెవి పట్టుకుని మరీ నిటారుగా కూర్చోబెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్నందుకు మొక్కాలనే ఉంది. కాస్త మెత్తగా చెప్పి ఉంటే ఏం పోయేదని కూడా ఉంది.

యుద్ధంతో ఫిల్మ్, గాజు ప్లేట్లు కరువైన రోజుల్లో, మా గల్లీ చివర పాలు అమ్మే ఇంటి కోడలు వచ్చింది. కొడుకు బతకడని హకీం చెప్పాడట. వాడి మొహం ఎక్కడా మిగలదేమోనని ఆమె భయం. మామ పెద్ద కెమెరా ప్లేట్లను పెళ్లిళ్లకని దాచుకుని, డబ్బా కెమెరాతో నన్ను తీయమన్నాడు. పిల్లవాణ్ణి ఎండలోకి తేకూడదు కనుక తల్లి ఒళ్లో ఉంచి గడప దగ్గరే తీశాను. అద్దం తెరిచి ఉన్నంతసేపూ వాడు పిడికిలి ఆడిస్తూ తల తిప్పుతూనే ఉన్నాడు. కడిగి చూస్తే తల్లి మొహం స్పష్టంగా ఉంది. ఒళ్లో మాత్రం తెల్లటి పొగ.

"గిట్ల మెసులుతుంటె ఏం తీస్తం చెల్లె? కుదురుగున్నప్పుడు పిలువు, పెద్ద కెమెరా తెస్త" అని మామ ఆమెను పంపేశాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆమె దుకాణం మెట్ల దగ్గర నిలబడింది.

"రా అన్నా. ఇప్పుడు కుదురుగున్నడు."

మామ పెద్ద కెమెరా ఎత్తుకుని ఆమె వెనకే నడిచాడు. మూసిన రెప్పల వెంట్రుకలు కూడా కనిపించేంత బాగా వచ్చింది ఆ ఫొటో. దానితోపాటు నేను తీసినదాన్నీ మంచి కాగితం మీద తన చేత్తోనే అచ్చు వేసి, అట్టకు అంటించాడు. నా ఫొటోకు ఆయన అంత శ్రమ పడటం అదే మొదలు. రెండూ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఆయన తీసినదాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"గిది నాకొద్దన్నా. నా కొడుకు గిట్ల ఏనాడున్నడు?"

అలుక్కుపోయిన ఫొటోను ఆమె భుజానికెత్తుకుంది. వెనక అట్టను మెల్లగా తడుతూ, బర్రెల కొట్టం దాటి లోపలికి వెళ్లింది.