కొత్త పెట్టని చిక్కుడు

ఇప్పగూడెంలో ఒక పొద్దంతా దుర్గమ్మ గొంతు వినబడలేదంటే ఆమె ఊళ్ళో లేనట్టే లెక్క. కోళ్ళను తోలినా, మొగుణ్ణి అన్నానికి పిలిచినా, పక్కింటివాళ్ళ క్షేమం అడిగినా ఒకటే గొంతు. కొత్తవాళ్ళు విని ఎక్కడో పోట్లాట జరుగుతోందనుకుంటారు. పాతవాళ్ళు అనుకోరు. పోట్లాటైతే ఇంతకంటే గట్టిగా ఉంటుందని వాళ్ళకు తెలుసు.

ఎర్రబోరు దగ్గర రోడ్డు దిగి, వాగు దాటి, అడవి అంచున నడుచుకుంటూ పోతే వచ్చే చిన్న ఊరది. దుర్గమ్మ పుట్టింది అక్కడ కాదు, సరిహద్దు అవతల తెలంగాణలో, చర్ల వైపు. కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. బడిలో తల్లిదండ్రుల సమితికి అధ్యక్షురాలు కూడా ఆ గొంతు వల్లే అయింది. ఒక వానాకాలం బడి రేకులు కారుతున్నాయని మాస్టారు సత్యమూర్తి మీదికి యుద్ధానికి వెళ్ళింది. ఆయన కిరందుల్ గనుల దగ్గర పెరిగిన తెలుగాయన, నెమ్మదస్తుడు. అంతా విని, "ఇంత బాగా అడుగుతున్నారు గదమ్మా, ఆ అడిగేదేదో సమితి తరఫున మీరే అడగండి" అన్నాడు. అక్కడున్న మగవాళ్ళంతా ఒక్కసారిగా చేతులెత్తారు. ఆమె మీద గౌరవంతో అని చెప్పలేను గానీ, తమ మీద పడకుండా పోయిందన్న సంతోషం మాత్రం ప్రతి మొహంలోనూ కనబడింది.

ఆ ఏడు మంచి ఏడు కాదు. శబరికి పోటెత్తి నీళ్ళు వెనక్కి తన్నాయి. వాగు ఊరి పొలాల మీద పడుకుని లేవనంది. నీళ్ళు తీసేసరికి వరి కుళ్ళి బురదైంది. మామూలు ఏళ్ళలో ఇంటికొకరు తెలంగాణ వైపు మిర్చి కోతకు పోయి వేసవి ముందు తిరిగొస్తారు. ఈసారి ఒక్కరి కూలితో ఇల్లు గడిచే దారి లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోవాలి. ఇద్దరూ పోతే పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు? చంకనేసుకుని పోవడమే.

సరిగ్గా అప్పుడే సత్యమూర్తి ఇంకో మాట మోసుకొచ్చాడు. పైనుంచి అధికారి వస్తాడట. పోయినేడు కోతల కాలంలో వచ్చి చూస్తే బడి సగం ఖాళీగా ఉంది. ఈసారీ అట్లాగే కనబడితే ఈ బడిని ఎత్తేసి రోడ్డు మీది పెద్ద బడిలో కలిపేస్తారట.

"కలిపితే కలిపిండ్రు. రోడ్డు మీద బడి పెద్దదే గదా," అన్నాడు ఒకాయన.

"వానాకాలం వాగు దాటించి ఎత్తుకపోతవా నీ బిడ్డను?" అని దుర్గమ్మ అరిచింది. 

ఆ ఊరికి బడి ఊరికే రాలేదు. అడవిలో తుపాకులు మోగిన పాత గొడవల్లో కూలిపోయి, ఏళ్ళ తరబడి పిల్లలకు అక్షరం మొహం తెలియకుండా పోయి, మొన్నమొన్ననే మళ్ళీ గోడలు లేచాయి. అయినా దుర్గమ్మ బాధ గోడల గురించి కాదు. ఆమె మూడో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో మిర్చి చేలకు పోయింది. తిరిగొచ్చేసరికి తోటివాళ్ళు పాఠాలన్నీ దాటిపోయారు. సిగ్గేసి ఒకరోజు మానేసింది, ఇంకోరోజు మానేసింది, అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పిలవలేదు. ఒక్కరైనా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ఉంటే వెళ్ళేదాన్ని అని ఇప్పటికీ అనుకుంటుంది.

సమితి మీటింగు బడి అరుగు మీద జరిగింది. "పిల్లల్ని ఈడనే వదిలి పోండి. పోకుండ ఉన్నోళ్ళం సాకుతం. మీ రేషన్ చావల్ మాకు ఇచ్చి పోండి, మధ్యాహ్నం బడి అన్నం ఉండనే ఉన్నది. రాత్రికి మేం పెడతం," అంది దుర్గమ్మ.

గంగే లేచింది. ఊళ్ళో మాడ అనే అతని పెళ్ళాం. ఆమెకు మంగు అని ఒక్కతే కూతురు. ఆ ఏడే ఒకటో తరగతిలో వేశారు.

"తిండి సరే అక్కా. బీమారొస్తే?"

"నేను లేనా?"

"రేయి లేచి ఏడిస్తే?"

"నేను లేనా అంటుంటే!"

ఆ మాట పట్టుకుని గంగే మంగును తెచ్చి దుర్గమ్మ ఇంట్లోనే వదిలింది. మిగతా పిల్లల్ని తలా ఒక ఇల్లు పంచుకున్నారు. ఊరి పూజారి ముసలయ్య కూడా, ఈ వయసులో నాకెందుకీ కోతిమూక అని గొణుగుతూనే ఇద్దరు మగపిల్లల్ని తీసుకున్నాడు. పుష్యమాసం మొదట్లో కూలీలను తోలుకుపోయే మేస్త్రి ట్రాలీ వచ్చింది. పోయేవాళ్ళంతా, వాళ్ళతో దుర్గమ్మ మొగుడూ, మూటలతో ఎక్కి పోయారు. ఊరు ముసలివాళ్ళదీ పిల్లలదీ అయిపోయింది.

చెప్పొద్దూ, మొదటి రోజులు బాగానే గడిచాయి. బడి నిండుగా ఉంది. సత్యమూర్తి గొంతు కూడా కాస్త లేచింది. అయితే కూర దగ్గరే కష్టం. వరద ఏడు కదా, పెరళ్ళలో పాదులు కూడా ఆలస్యంగానే కాశాయి. రోజూ అవే పప్పునీళ్ళు చూసి పిల్లలు మొహాలు ముడుచుకునేవాళ్ళు. అట్లాంటప్పుడు పుట్టింటి నుంచి దుర్గమ్మ తమ్ముడు ఒక బస్తా లేత చిక్కుడుకాయలు వేసుకుని దిగాడు. ఇంకేం! ఆదివారం పిల్లలందర్నీ తన ఇంటికే పిలిచి, పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టి, చిక్కుడుకాయ కూర వండి అడిగినవాళ్ళకు అడిగినంత వడ్డించింది. పిల్లలు ఆకులు నాకుతుంటే చూసి మురిసిపోయింది.

సాయంత్రం వరకూ ఆ మురిపెం ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్ళో ఇంకా చిక్కుడు కొత్త పెట్టలేదని.

కొత్త పెట్టడమంటే, చేతికొచ్చిన పంటను ముందు ఊరి దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే మనుషులు తినడం. చిక్కుడుకొక పండుగ, మామిడికొక పండుగ. ఏ ఊరి పండుగ ఆ ఊరిదే, రోజు పూజారి చెప్పాలి. అంతవరకూ కాయ చెట్టున ముదిరిపోయినా సరే, ఎవరూ నోట పెట్టరు. దుర్గమ్మ పుట్టింట్లో పండుగ అయిపోయింది, కాయలు వచ్చాయి. ఇప్పగూడెంలో కాలేదు. ఇరవై ఏళ్ళు ఈ ఊరి పండుగలు చేసిన మనిషి, ఊరి పిల్లలందరి చేతా ఒక్క పూటలో తప్పు తినిపించింది! అయ్యో నా చేతులు విరిగిపోనూ అని నెత్తి కొట్టుకుంది. ఈలోగా ముసలయ్య ఇంట్లో ఉన్న పిల్లలు, ఏం తిన్నార్రా అంటే, చిక్కుడుకాయ అని చక్కగా చెప్పేశారు.

ముసలయ్య ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు మంగుకు జ్వరమొచ్చింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఊళ్ళో మందూ మాకూ చూసే మితానిన్, అంటే ఆశా కార్యకర్త, భీమే పరుగెత్తుకొచ్చి, వేలికి సూది గుచ్చి రక్తం చుక్క చూసి, మలేరియా అని తేల్చి మాత్రలు మింగించింది. దోమ కుడితే వచ్చిందని భీమే చెబుతూనే ఉంది. వినేదెవరు? పెద్దలకు పెట్టకముందే తిన్నారు, ఇది మొదలు, ఇంకా ఎవరెవరికి వస్తుందో అని గడప గడపకూ గుసగుసలు. ఒక ముసలమ్మ తన ఇంట్లో ఉన్న పిల్లను తెచ్చి, మా ఇంట్లో ఏమన్నా అయితే నేను జవాబు చెప్పలేనని బడి అరుగు మీద కూర్చోబెట్టి పోయింది.

ఊళ్ళో సిగ్నల్ ఎక్కడో చింతచెట్టు దగ్గర తప్ప దొరకదు గానీ, ఇట్లాంటి కబురు మాత్రం ఎట్లా పోతుందో పోతుంది. సాయంత్రానికల్లా గంగే ఫోను.

"నా బిడ్డకు జ్వరమట గదా అక్కా. నేనొస్తున్న. తోల్కపోత."

"మాత్రలు ఏసినం గంగే, తగ్గుతది..."

"నేనున్న అన్నవు గదా!" అని గంగే ఏడ్చింది. ఫోను కట్టయింది. చేలో ఆమెతో ఉన్నవాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుపోతామంటున్నారని తర్వాత తెలిసింది.

దుర్గమ్మ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చుంది. పిల్ల బతికితే చాలు, బడి పోతే పోయింది అని ఒక క్షణం అనుకుంది. మరుక్షణం బడి పోతే ఎట్లా అనుకుంది. రెండు భయాలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గుండెల్లోకి వస్తున్నాయి.

రెండు రోజులకు మంగు కళ్ళు తెరిచి జావ అడిగింది. ఆ జావ తాగించాక గానీ ముసలయ్య దగ్గరికి పోవడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. ఆయన ఇంటి ముందు తాడు పేనుకుంటున్నాడు.

"తప్పు నాదే మామా. దండుగ ఏదైతే అది ఎయ్యి. పిల్లలనేం అనకు."

ముసలయ్య తల ఎత్తలేదు. "కడుపు నిండ తిన్నరా పిల్లలు?"

"తిన్నరు."

"లేతగున్నయా కాయలు?"

"ఉన్నయి మామా," అంది దుర్గమ్మ, ఏమనాలో తెలియక.

"మరి నాకు నాలుగు దాచకపోతివి," అని అప్పుడు తల ఎత్తాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "పెద్దలు పిల్లల నోళ్ళకాడ కట్టె పట్టుకొని కూసుంటరా ఏంది? తప్పు నీదెంతో నాదీ అంతే కోడలా. ఎప్పుడో చెప్పాల్సిన పండుగ. ఊరు ఖాళీగుంటే ఎవరితోని చేసేది అని పానం ఒప్పక వెనక్కి జరుపుకుంట వచ్చిన. శుక్రవారం చేద్దం. నేను దేవతకు చెప్పుకుంట. అందర్నీ రమ్మను."

దుర్గమ్మ గుండె మీది బండ దిగింది. దిగిన చోటే ఇంకోటి ఎక్కింది. అందర్నీ రమ్మంటే వస్తారు. కొత్త పండుగకు రాకుండా ఉండరు. వచ్చి, పోయేటప్పుడు పిల్లల్ని ఎక్కించుకుని పోతారు.

వచ్చారు. శుక్రవారం పొద్దున ట్రాలీ వాగు దగ్గర ఆగింది. మేస్త్రి వదలక ఇన్నాళ్ళూ ఆగిపోయిన గంగే అందరికంటే ముందు దిగి, ఎవరినీ పలకరించకుండా నేరుగా దుర్గమ్మ ఇంట్లోకి వచ్చింది. మంగు వాకిట్లో కోడిపిల్ల వెంట పడుతోంది. గంగే కూతురి మెడా, చేతులూ, కడుపూ తడిమి చూసుకుంది. "దీని బట్టలు సదురు అక్కా," అంది.

అరిస్తే గొంతు వాగవతలికి వినబడే దుర్గమ్మ వద్దని ఏ మొహం పెట్టుకుని అంటుంది? పిల్ల గౌన్లు మడిచి, పలక మీద పెట్టి, సంచిలో సర్దింది. పలక తియ్యాలో ఉంచాలో తెలియక ఉంచేసింది.

డోలు మోగింది. ముసలయ్య ఉడికించిన చిక్కుళ్ళు ఆకులో పెట్టి దేవతకు చూపించాడు, ఇప్పసారా ధార పోశాడు, పేర్లు చెప్పి పెద్దల్ని పిలిచాడు. పిల్లలు తొందరపడి ముందు తిన్నారనీ, కడుపులో పెట్టుకోమనీ గట్టిగా, అందరికీ వినబడేట్టు చెప్పాడు. తర్వాత మొదటి ఆకు పిల్లలకే ఇచ్చాడు. ఆ పని ఎన్నడూ ఎవరూ చేయలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

గంగే తన ఆకు పట్టుకుని వచ్చి దుర్గమ్మ పక్కన కూలబడింది.

"భీమే చెప్పింది. రెండు రోజులు నువ్వు మంచం దిగలేదట."

"దిగుడు నా వల్ల ఏడయింది? నీ బిడ్డ నా చెయ్యి ఇడువలే."

గంగే ఆకు కింద పెట్టింది. "పోయినేడు చేల్లనే గిట్ల జ్వరమొచ్చింది దీనికి. పని ఆపితే మేస్త్రి ఊకోడు. బరకం కింద పండబెట్టి కాయ కోసిన. చేతుల నిండ కారం అక్కా. నుదురు ముట్టి చూద్దమంటే మంట పుడతదని భయం. మోచేత్తోని ముట్టి చూసిన." ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. వేళ్ళ సందులు ఇప్పుడు కూడా ఎర్రగా పొక్కి ఉన్నాయి. "ఈడ నుదురు మీద చెయ్యేసే మనిషన్న ఉన్నది."

మర్నాడు పొద్దున ట్రాలీ బయలుదేరింది. దుర్గమ్మ వాగు వరకూ పోయింది. మూటలు ఎక్కాయి, మనుషులు ఎక్కారు. ఒక్క పిల్ల కూడా ఎక్కలేదు. మంగు బట్టల సంచి మాత్రం ట్రాలీ మీద గంగే చేతిలో ఉంది. దాన్ని ఆమె కిందికి అందించింది.

"తలకు నూనె పెట్టు అక్కా. పేలున్నయి."

"నాకు చెప్పాల్నా! పోయేటప్పుడన్న నోరు మూసుకొని పో!" అని దుర్గమ్మ పెద్దగా అరిచింది. అరిచి, ట్రాలీ మలుపు తిరిగాక, సంచి గుండెకు అదుముకుని గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక నిలబడ్డ సత్యమూర్తి ఏమైందమ్మా అంటే, ఏం కాలే గురూజీ, ఏం కాలేదనే ఏడుస్తున్న అంది.

తర్వాత కొన్నాళ్ళకు అధికారి వచ్చాడు. గది నిండా కూర్చున్న పిల్లల్ని చూశాడు. వీళ్ళ అమ్మానాన్నలంతా కోతలకు పోయారని చెబితే మొదట నమ్మలేదు. ముసలయ్యనూ, భీమేనూ, దుర్గమ్మనూ అడిగి, టీ తాగి, ఈ బడి జోలికి రామని సత్యమూర్తితో చెప్పి పోయాడు.

ఆయన జీపు వాగు దాటగానే దుర్గమ్మ మంగును చంకనేసుకుని చింతచెట్టు దగ్గరికి పరుగు తీసింది. గంగేకు ఫోను కలిపి, రొప్పుతూ, బడి నిలిచిందనీ, ఇక ఎవరూ ఎత్తెయ్యరనీ, సాబ్ తన నోటితో చెప్పాడనీ అంతా ఒక్క ఊపిరిలో అరిచి చెప్పింది. అటువైపు మిర్చి చేలో గాలి హోరు. గంగే అంతా విన్నది.

"మంచిదే అక్కా. నా బిడ్డ తిన్నదా?"

"తిన్నది," అంది దుర్గమ్మ. ఫోను మంగు చెవి దగ్గర పెట్టింది.