అడిగినవాడికల్లా ఎస్ నొక్కిన రోజులు

ఆ రోజుల్లో రాజమండ్రిలో మా వీధి మొత్తానికి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. (ఎదురింట్లో ఇంకోటి ఉండేది. వాళ్ళు గుట్టుగా ఉంచుకున్నారు, నేను ఉంచుకోలేదు, అంతే తేడా.) వయసు నలభై దాటినా ఆ పెట్టె ముందు కూర్చుంటే కాలేజీ కుర్రాణ్ణైపోయేవాణ్ణి. తెలిసింది కొంచెమే అయినా, దాంతోనే సాయంత్రాలు అరుగు మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

మా అత్తగారిది ఆత్రేయపురం. అక్కడ ఏ పెళ్ళి జరిగినా బంతులాట దగ్గర్నుంచి అప్పగింతల దాకా పాటలన్నీ ఆవిడ గొంతులోనే నడిచేవట. పెద్దవయసులో మా దగ్గరికి వచ్చేశాక ఒక్కొక్క చరణమే మరిచిపోవడం మొదలుపెట్టారు. మా ఆవిడ కంగారుపడి, గుర్తున్నవన్నీ చెప్పించుకుని నోటుపుస్తకంలో రాసుకుంది. పుస్తకాన్ని చెదలు తినేస్తాయి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే వెయ్యేళ్ళుంటాయి అని సలహా ఇచ్చింది నేనే. పాపం, వేసవంతా కూర్చుని ఎక్కించింది. తర్వాత ఇల్లు సర్దే ఊపులో ఆ నోటుపుస్తకాన్ని పాత కాగితాలవాడికి ఇచ్చేసిందీ నేనే. (ఈ రెండో సంగతి మా ఆవిడకి చెప్పలేదు.)

ఒక ఆదివారం పేపర్లో స్పైవేర్ గురించి చదివాను. కంప్యూటర్‌లోకి దొంగతనంగా దూరి, మనం ఏం చూస్తున్నామో ఏం రాస్తున్నామో ఎవరికో చేరవేసే ప్రోగ్రాములట. అత్తగారి పాటలకి కాపలా పెట్టాల్సిందేనని నెట్‌లోకి వెళ్ళానో లేదో, తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఉచితంగా కాపాడమంటారా అని అడిగింది. గుమ్మంలోకి వచ్చి మర్యాదగా అడిగినవాణ్ణి కాదు పొమ్మనడం మా గోదావరి వాళ్ళకి చేతకాదండి. విస్తరి ముందు వద్దు అనడమే రాని జాతి మాది. ఎస్ నొక్కాను. వెంటనే ఇంకొకటి వచ్చి, మొదటివాడు చాలడు, నేనూ ఉంటానంది. ఎస్. ఒక బొమ్మ కుక్క తోకాడిస్తూ వచ్చి కాపలా కాస్తానంది. నోరులేని జీవం, దాన్ని మాత్రం ఎలా కాదంటాను?

వారం తిరిగేసరికి కాపలావాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు దొంగ దొంగ అని అరుచుకుంటున్నారు. ఇంటి యజమానికి మాత్రం లోపలికి దారి లేదు. మా ఆవిడ పాటల ఫైలు తెరవబోతే పెట్టె బిగుసుకుపోయింది. నేను అరుగు మీదకెళ్ళి, సముద్రాలవతల నుంచి ఒక ముఠా నా మీద పడిందనీ, ఒంటరిగా పోరాడుతున్నాననీ ప్రకటించాను. ఎదురింటాయన నాకు నిమ్మరసం కూడా ఇప్పించాడు.

మా ఆవిడ వీధి చివర కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడమ్ గారిని పిలుచుకొచ్చింది. ఆవిడ తెర చూసి, ఇవన్నీ ఎలా వచ్చాయని అడిగింది. నేను ముఠా కథ ఇంకో రెండు దేశాలు కలిపి చెప్పాను. అంతా ఓపిగ్గా విని అంది:

"వాటంతటవే దూరితే ఎక్కడెక్కడ దాక్కున్నాయో చెప్పలేమండి బాబాయ్ గారూ. మొత్తం తుడిచేయడమే. ఎవరైనా రానిచ్చినవైతే, ఏవేవి రానిచ్చారో చెబితే ఒక్కొక్కటీ తీసి చూడొచ్చు."

తుడిచేస్తే పాటలో అని మా ఆవిడ అడిగింది. ఇలా బిగుసుకుపోయాక బయటికి తీయలేం, పోతాయండి అంది మేడమ్ గారు. లోపలి గదిలో అత్తగారు ఏదో పాట ఎత్తుకుని, రెండో చరణం అందక మళ్ళీ మొదటికి వచ్చారు.

"తుడవకండి," అన్నాను. "అన్నిటికీ నేనే ఎస్ నొక్కాను."

ఒకసారి మొదలెట్టాక ఆగలేక నోటుపుస్తకం సంగతి కూడా చెప్పేశాను. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏవండీ, నేనేం అడిగినా ఆలోచిద్దాం అంటారు కదా. వీళ్ళలో ఒక్కళ్ళకైనా ఆలోచిద్దాం అని చెప్పలేకపోయారా?"

మేడమ్ గారు నవ్వాపుకోలేక కీబోర్డు మీదకి వంగిపోయింది. నేను తలొంచుకుని ఒక్కొక్క పేరే ఒప్పుకున్నాను, ఆవిడ ఒక్కొక్కదాన్నే పంపించేసింది. (కుక్క వెళ్ళేటప్పుడు కొంచెం బాధేసింది.) చీకటి పడకముందే పాటల ఫైలు తెరుచుకుంది. నమ్మకమైన కాపలా ఒక్కటి చాలనీ, అదైనా మనం వెతికి తెచ్చుకోవాలి గానీ దానంతటది వచ్చి అడిగితే పెట్టుకోకూడదనీ చెప్పి, పాటలన్నీ ఒక సీడీలోకి కూడా ఎక్కించి ఇచ్చింది.

అత్తగారికి ఆ తర్వాత గుర్తొచ్చిన పాటలు ఎక్కించే పని శిక్షగా నాకు పడింది. ఒంటివేలితో కొట్టేవాణ్ణి. నాకు అక్షరం దొరికేదాకా ఆవిడ ఆ మాట మీదే రాగం తీస్తూ ఉండేవారు. మహాలక్ష్మి అన్న మాట వస్తే చాలు, 'క్ష' కోసం నేను కీబోర్డంతా గాలించేవాణ్ణి. ఆవిడ ఊపిరి పీల్చుకుని, "తొందరేం లేదు అల్లుడు గారూ, పెళ్ళికూతురు ఇంకా గుమ్మం దాటలేదు" అనేవారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకు పది వేళ్ళూ ఆడతాయి. (సరే, నాలుగు.) ఆ ఒంటివేలి అల్లుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంతవరకూ వచ్చాక ఇది కూడా ఒప్పుకుంటాను: 'క్ష' ఎక్కడుందో నాకు రెండో రోజే తెలిసిపోయింది. ఆ రాగం వినాలని వెతుకుతూ కూర్చునేవాణ్ణి.