కుందేలు ఉండే చోటు

ప్రతి ఊరికీ ఒకావిడ ఉంటుందని చిన్నప్పుడు నమ్మేదాన్ని. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ లైబ్రరీలో పాత రోమన్ వెండి నాణెం బొమ్మ చూడగానే గుర్తొచ్చింది. చేతిలో ఆలివ్ కొమ్మ, పక్కన కుందేలు ఉన్న స్త్రీ. ఆవిడే స్పెయిన్ దేశమని బొమ్మ కింద రాసి ఉంది. అప్పుడూ ఇదే బొమ్మ చూసి, దేశానికి ఉన్నట్టే ఊరికీ ఒకావిడ ఉంటుందనుకున్నాను.

జంషెడ్‌పూర్ బడిలో పిల్లలు, తెలుగుదాన్నని నన్ను "మద్రాసీ, అప్నే గావ్ జా", మీ ఊరికి పో, అనేవారు. ఈ ఊరావిడ కూడా పొమ్మంటుందేమోనని భయమేసి, ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చిన నాన్నకు ఆ బొమ్మ సంగతి చెప్పి అడిగాను.

"నాన్నా, జంషెడ్‌పూర్ ఆవిడ చేతిలో ఏటుంతాది?"

"అన్నం కేరేజీ," అని నాన్న అమ్మకేసి చూసి నవ్వాడు. "రోజూ గేటుకాడికి తెత్తాది గదా. మీయమ్మే ఆవిడ."

నేను నమ్మేశాను. "మరి కుందేలో?"

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఓలమ్మ, కుందేలు దేనికే? నా పక్కన నువ్వుంతావు గదా!"