మగ్గాల కొట్టంలో జాగ

మా అత్తమ్మ పోయింది. వానలు ఇంకా పట్టుకోకముందే, ఒక పగటిపూట, జొన్న గటక తిని చెయ్యి కడుక్కుని గోడకు ఒరిగింది. నేను పళ్ళెం తీయడానికి వచ్చేసరికి ఊపిరి లేదు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు: "మంచి చావు తల్లీ, మంచంల పడకుండ పోయింది." నిజమే కావచ్చు. కానీ మంచి చావు దొరకని వాళ్ళ నడుమ ఆమె గడిపిన కాలం ఒకటి ఉంది. అప్పుడు పక్కన నేనూ ఉన్నాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు మెదక్‌లో ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి మీకు చెప్పాలనిపించింది.

మాది నేతపని ఇల్లు. ఇంటి వెనక పొడుగాటి కొట్టంలో మగ్గాలు ఉండేవి. నేను కాపురానికి వచ్చేనాటికే మామయ్య లేడు. నూలు దొరకడం కష్టమైపోయి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అవి రజాకార్ల రోజులు. మా ఆయన నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ళతో తిరుగుతున్నాడని ఒకరోజు పట్టుకుపోయి జైల్లో వేశారు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం మిగిలాం. మగ్గాలన్నీ మూగబోయాయి.

ఆ ఎండాకాలంలోనే నర్సాపూర్ అవ్వ వచ్చింది. ఆమె పేరు మేమెప్పుడూ అడగలేదు, నర్సాపూర్ అడవి అంచున ఉన్న పల్లె ఆమెది. కొడుకులు సంఘంలో చేరి అడవి పట్టారు. లారీలో తుపాకులతో దిగిన రజాకార్లు వాళ్ళ కోసం వెతికి, దొరకక, ఇల్లు కాల్చిపోయారు. ఆ ఇంట్లోంచి ఆమె తెచ్చుకున్నది ఒక్క రోకలి. దాన్ని భుజాన వేసుకుని అంత దూరం నడిచి వచ్చి మా గడప ముందు నిలబడి, "దంచేదేమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగింది.

"దంచనీకె గింజలే లేవు. ఎండల నిలవడకు, లోపల్కి రా" అంది అత్తమ్మ.

ఆమెను కొట్టంలోకి తీసుకుపోయి, మగ్గం గుంట మీద పలకలు పరిచి, పక్కన గోడవారగా పేడతో అలికి, చుట్టూ ఎర్రమట్టితో గీత గీసింది. "ఇగో, గిది నీ జాగ. నువ్వున్నన్ని దినాలు నీదే. నేను గూడ నిన్నడుగకుండ దీంట్ల కాలు వెట్ట" అంది.

అవ్వకు ముందు అన్నం పెట్టకుండా ఈ అలుకుడు ఏమిటని నాకు విడ్డూరంగా తోచింది. అడిగితే అత్తమ్మ అంది: "ముసలోల్లకు ముందు జాగ గావాలె బిడ్డా, తర్వాత బువ్వ. జాగ లేనోల్లకు బువ్వ గొంతు దిగది." తర్వాత ఎంతోమంది విషయంలో ఆమె నోట ఈ మాట విన్నాను.

ఒకరు వస్తే మరొకరికి తెలుస్తుంది. చేగుంట వైపు నుంచి చూపు సరిగా ఆనని కుమ్మరి తాత వచ్చాడు. అతని కొడుకులు ప్రాణభయంతో షోలాపూర్ దిక్కు పోయారు. ఇంకా ఒకరిద్దరు వచ్చారు. పడుచువాళ్ళు అడవికో, సరిహద్దు దాటో పోగలిగారు. నడవలేనివాళ్ళు ఊళ్ళలో మిగిలి, ఊళ్ళు కాలిపోతే మెదక్ దారి పట్టారు. వృద్ధాశ్రమం అన్న మాట అప్పుడు మాకు తెలియదు. సరాయిలో బాటసారులు ఒకటి రెండు రోజులు పండుకోవచ్చు, ఆపైన ఉండనివ్వరు. దర్గా దగ్గర గురువారం కూడు దొరుకుతుంది. మిషన్ దవాఖానలో పొద్దున పోతే మందు ఇస్తారు. ఎక్కడ ఏం దొరుకుతుందో అత్తమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ అవన్నీ కలిపినా ఒక ముసలిమనిషి బతకడానికి చాలవని కూడా ఆమెకే తెలుసు.

అందుకే వీధి పెద్దమనిషి దగ్గరికి పోయింది. "మీ ఇండ్లల్ల జొన్నలు మా అవ్వ దంచుతది. దంచినప్పుడల్ల ఇంటికో పిడికెడు ఇయ్యుండ్రి. నాకు గాదు, కొట్టంలున్నోల్లకు" అంది. ఆయన ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి నర్సాపూర్ అవ్వ రోకలి చప్పుడుతోనే మా వీధికి తెల్లవారేది. అలా పిడికెళ్ళుగా వచ్చిన జొన్నలతో గటక వండేవాళ్ళం. అవ్వ గింజలు చెరుగుతూ కుమ్మరి తాతను ఆటపట్టించేది. "నీ కుండలన్నీ పల్గిపోయినయి, నువ్వొక్కనివి పల్గకుంట ఉన్నవు" అనేది. అతను నవ్వేవాడు. ఆ కొట్టంలో నవ్వు వినబడిన కాలం అదొక్కటే.

పోలీసు చర్య జరిగింది. లారీలు వచ్చాయి, జెండాలు లేచాయి. అవ్వ వీధిలోకి పరుగెత్తి, ఇంక నా కొడుకులు వస్తారని కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంది. వాళ్ళు రాలేదు. కొత్తగా వచ్చిన పటాలాలు కూడా సంఘపోళ్ళ కోసం ఆ అడవినే వెతకడం మొదలుపెట్టాయి. అవ్వ మళ్ళీ రోకలి అందుకుంది కానీ మాట్లాడటం తగ్గించేసింది.

ఆ రోజుల్లోనే పల్లెల నుంచి వేరే కబుర్లు రాసాగాయి. ఈసారి చచ్చినవాళ్ళు సాయిబులు. బజారులో గడియారాలు బాగుచేసే సాబు ఒకడు ఉండేవాడు. ఆయన రజాకార్లతో తిరిగాడని కొందరు, తిరగలేదని కొందరు అన్నారు. నాకు తెలియదు. ఒకరోజు ఇంట్లోంచి బయటికి పోయినవాడు తిరిగి రాలేదు. ఊరి బయట బావిలో ఉన్నాడని చెప్పుకున్నారు. చూడటానికి ఎవరూ పోలేదు. ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు, ఉన్నది తల్లి ఒక్కతే. ఆ ఇంటి పొయ్యి రాజుకోవడం లేదని అత్తమ్మ గమనించింది.

నన్ను వెంటబెట్టుకుని పోయి తలుపు తట్టింది. లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది: "ఇంట్ల ఎవ్వల్లేరు."

"అమ్మీ, నేను మగ్గాలామెను. తలుపు తియ్యి."

"ఎవ్వల్లేరమ్మా. అందరు పోయిన్రు."

"గా ఎవ్వల్లేనామెనే తలుపు తియ్యమంటున్న" అంది అత్తమ్మ.

ఎంతో సేపటికి గొళ్ళెం కదిలింది. పిట్టంత మనిషి. పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిబజారులోంచి, అందరూ చూస్తుండగా, మా ఇంటికి నడిపించుకొచ్చింది. కొట్టంలో ఖాళీగా ఉన్న మూల అలికి ఎర్రమట్టి గీత గీసింది. అది మిగతావాళ్ళ జాగ ఎంతో అంతే.

నర్సాపూర్ అవ్వ చేట కింద పెట్టి లేచింది.

"గీమె ఎవలు?"

"గడియారాల సాబు తల్లి."

"నా కొంప కాల్చినోల్ల తల్లిని తెచ్చి నా పక్కన పండుకోవెడ్తవా?"

"నీ కొంప కాల్చింది గీమె గాదవ్వా. గీమెకు అగ్గిపెట్టె పట్టనీకె గూడ శాతగాదు. సూడు."

"నేను సూడ. ఆమెనన్న ఉండాలె, నేనన్న ఉండాలె. చెప్పు."

అత్తమ్మ ఎర్రమట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత అంది: "నిన్ను పొమ్మని నా నోటితోని రాదు. ఆమెను పొమ్మని గూడ రాదు."

సాబు తల్లికి అంతా అర్థమైంది. గోడ పట్టుకుని లేవబోయింది. "నేనే పోత అమ్మీ. ఆమెను ఉండనీ."

"నువ్వేడికి పోతవు? కూసో" అని అత్తమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చూడగానే నర్సాపూర్ అవ్వ రోకలి భుజాన వేసుకుని బయటికి నడిచింది. నేను వెంటబడ్డాను, కొంగు పట్టుకున్నాను, విడిపించుకుంది. సరాయిలో ఒక మూల కూర్చుంది.

ఆ మాపే వీధి పెద్దమనిషి వచ్చాడు. కోపంగా ఏమీ రాలేదు, నెమ్మదిగానే మాట్లాడాడు.

"వదినా, నీ మనసు మంచిదే. గని వీధి వీధంత ఒక్కమాట మీద ఉన్నది. గా సాబు తల్లి ఉన్నన్ని దినాలు పిడికెడు గింజలు రావు."

"ఆమె వంతుది మానుకోండ్రి. మిగిలినోల్లు ఏం జేసిన్రు?"

"ఒక్క కుండల వండేదానికి వంతులెట్ల జేస్తం?"

ఆయన పోయాక అత్తమ్మ కుండ కడిగి బోర్లించింది. ఆ పిడికెళ్ళు మళ్ళీ రాలేదు.

అవ్వ కోసం అత్తమ్మ రోజూ గిన్నెతో సరాయికి పోయేది. "ఆ కుండల కూడు నాకొద్దు" అని అవ్వ మొహం తిప్పుకునేది. అత్తమ్మ గిన్నె అక్కడే పెట్టి, కొంచెం దూరంలో కూర్చుని, కాసేపయ్యాక లేచి వచ్చేది. తిన్నదో, కుక్కలకు వేసిందో అడిగేది కాదు. సరాయి వాళ్ళు అవ్వను లోపలి నుంచి వసారాలోకి, వసారాలోంచి బయటి మెట్ల మీదికి జరిపారు. వానలు ఇంకా తగ్గలేదు, ఆ మెట్ల మీదే తడిసింది. జ్వరం వచ్చింది. బండి అడిగి తెచ్చి మిషన్ దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ చెయ్యగలిగింది చేసింది. ఊపిరితిత్తులు పాడైపోయాయని చెప్పింది.

చివరిరోజు అవ్వ కళ్ళు తెరిచి అత్తమ్మనే చూసింది.

"నా జాగల ఎవలున్నరు?"

"ఎవ్వల్లేరవ్వా. ఉత్తగనే ఉన్నది."

అది నిజం. ఆ గీత లోపల అత్తమ్మ ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు.

"అలుకుతున్నవా మరి? పురుగు వడ్తది" అంది అవ్వ. ఆ తర్వాత మాట్లాడలేదు. కొడుకులు ఎక్కడున్నారో తెలియదు, ఉన్నారో లేరో తెలియదు. వీధి పెద్దమనిషే ముందు నిలబడి కొరివి పెట్టించాడు. ఆ పొద్దు ఆయన అత్తమ్మ మొహం వైపు చూడలేదు.

తర్వాత చలికాలం వచ్చింది. కూలికి దారం వడికాం, బీడీలు చుట్టాం, చాలలేదు. అత్తమ్మ ఒక మగ్గం విప్పించి కర్ర అమ్మేసింది. కొన్నాళ్ళకు ఇంకొకటి, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావీ పోయాయి. మామయ్య చేతులు తగిలి నున్నబడిన దూలాలను వడ్రంగి మోసుకుపోతుంటే ఆమె వాకిట్లోకి రాలేదు. అయినా కుమ్మరి తాత సంక్రాంతి దాటలేదు. పోయే ముందు అతను తన గీతను వేలితో తడుముకుంటూ కూర్చునేవాడు, చూపు పూర్తిగా పోయింది. మిగిలిన ఒకరిద్దరినీ చుట్టాలు వచ్చి తీసుకుపోయారు.

మా ఆయన జైలు నుంచి వచ్చేసరికి కొట్టంలో సాబు తల్లి ఒక్కతే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఆ గుంటలను చూశాడు.

"మగ్గాలేవే అమ్మా?"

"తిన్నం బిడ్డా" అంది అత్తమ్మ.

ఆయన మరుసటి రోజు నుంచి పరాయి మగ్గం మీద కూలికి కూర్చున్నాడు. చాలాకాలం ఆ కొట్టంలోకి పోలేదు. తల్లితో పని ఉంటే నాతో చెప్పించేవాడు. ఆమెకు అది తెలుసు. అందుకు ఆయన్ని ఎన్నడూ తప్పుపట్టలేదు.

సాబు తల్లి ఇంకొన్నేళ్ళు బతికింది. కొడుకు గురించి మమ్మల్ని ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు. ఆమె పోయినప్పుడు మసీదుకు కబురు పంపితే వచ్చిన మగవాళ్ళు తక్కువ, జనాజా మొయ్యడానికి ఒక భుజం తక్కువైంది. మా ఆయన చేస్తున్న పని ఆపి వచ్చి ఆ భుజం ఇచ్చాడు. ఆ మాపు తల్లీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, నాకూ తల నెరిసిన తర్వాత, ఒకసారి అడిగాను: "ఆ దినం నువ్వు చేసింది మంచిదేనా అత్తమ్మా?"

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీస్తూనే అంది: "మంచో చెడో ఏడ తెలిసింది బిడ్డా. నర్సాపూరామె నా గోడకు ఆనుకొని పోవల్సింది. మెట్ల మీద పడి నానింది. ఇంకొగామెను పంపితే ఆమె గూడ గట్లనే పోతుండె. ఎవలో ఒగలు నానేదే ఉండె. అది నా మీదనే ఉన్నది, యాడికి పోతది?" తీసిన కాయ గిన్నెలో వేసి మళ్ళీ అంది: "వీధోల్లు చెడ్డోల్లు గాదు. ఇయ్యంగ ఇయ్యంగ పిడికెడే బరువైతది."

ఇప్పుడు ముసలివాళ్ళకు పింఛను ఉంది. అయినవాళ్ళు లేనివాళ్ళు ఉండే ఇళ్ళు కూడా అక్కడక్కడా వచ్చాయని వింటున్నాను. అలాంటిది ఒకటి పెట్టాలనుకునేవాళ్ళు ఒకసారి ఆమె దగ్గరికి వచ్చి, ఎలా నడపాలమ్మా అని అడిగారు. ఆమె "ఎవలన్న అలిగి పోతె మల్ల రానీకె ఒక తలుపు తెర్చి పెట్టుండ్రి" అని ఒక్కటే చెప్పింది. వాళ్ళు ఇంకేదో ఆశించినట్టున్నారు, టీ తాగి వెళ్ళిపోయారు.

చివరి సంవత్సరాల్లో ఆమెకు ఒక అలవాటు అయింది. పొద్దు వాలే వేళ కర్ర పట్టుకుని బస్టాండుకు పోయి, అక్కడ గట్టు మీద కూర్చునేది. ఎవరన్నా వస్తున్నారా అని మొదట్లో అడిగాను. "నాకెవలొస్తరు? దిగేటోల్లకు ఎవలన్న ఉన్నరా లేరా అని సూస్త" అంది. కూలీలు, పెళ్ళివాళ్ళు, కాలేజీ పిల్లలు దిగి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఆమె కళ్ళు మాత్రం వెనకగా, నెమ్మదిగా దిగేవాళ్ళ మీద ఉండేవి.

పోయిన చలికాలంలో ఒకసారి ఆమెను పిలుచుకురావడానికి నేను పోయాను. చేగుంట బస్సు వచ్చి ఖాళీ అయి, తిరిగి వెళ్ళిపోయింది. దుమ్ము సద్దుమణిగాక చూస్తే, ఒక ముసలాయన చంకలో మూటతో అక్కడే నిలబడి ఉన్నాడు. ఈ దారి చూశాడు, ఆ దారి చూశాడు. ఎటూ కదల్లేదు. "పోదాం పా అత్తమ్మా, చలి పెడుతుంది" అన్నాను. ఆమె నా మాట వినలేదు. కర్ర నేలకు ఆనించి, ఇంకో చేత్తో గట్టు పట్టుకుని, మెల్లగా లేవసాగింది.