టీయా, తలుపా?

ఆనందబాబు గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వాక్యాన్నయినా సరే, బతికున్న మనిషి మీద ప్రయోగించి చూడందే నమ్మరు.

ఆయనది నరసాపురం. రోటర్‌డామ్‌లో చాలా ఏళ్లు ఉండి, చివరికి అమెరికాలో మా క్యారీ ఊళ్లో వచ్చి పడ్డారు. మనసు బాగోలేనివాళ్లకి వైద్యం చేసేవాళ్ల కోసం డచ్చిలో రాసిన పుస్తకాల్ని ఇంగ్లీషులోకి తెచ్చే పని మా చిన్న కంపెనీ ఆయనకిచ్చేది. ఆ ఇంగ్లీషు దిద్దే ఉద్యోగం నాది. ఆదివారం మధ్యాహ్నం వెళ్లే తెలుగు చర్చి కూడా ఇద్దరికీ ఒకటే. అంటే వారం పొడుగునా నాకు తప్పించుకునే దారి లేదన్నమాట.

ఆయన పరీక్ష ఇలా ఉండేది. "మణీ, నీ మనసు బాగోలేదనుకో. ఎదురుగా కూర్చున్నావిడ నీతో ఈ మాట అంది. ఉండి టీ తాగాలనిపిస్తుందా, తలుపు తీసుకుని పోవాలనిపిస్తుందా? ఆలోచించకుండా చెప్పు. టీయా, తలుపా?"

మనిషికి వచ్చిన కష్టం ఎంత, దాన్ని ఓర్చుకునే బలం ఎంత అని డచ్చివాళ్లు తూకం వేసినట్టు రెండు మాటల్లో చెబుతారట. అందులో రెండోదాన్ని ఈయన ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి, ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటున్న వీరాంజనేయులు గారిని పట్టుకున్నారు. ఆయన బ్రిడ్జిలు కట్టే ఇంజనీరు.

"సార్, మీ బేరింగ్ కెపాసిటీ ఎంత?"

"స్టీలా, కాంక్రీటా?"

"మీదేనండీ."

వీరాంజనేయులు గారు బెండకాయలు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. "చూశావా, తలుపు!" అన్నారు ఈయన సంతోషంగా.

పళ్ల డాక్టరు నోట్లో గొట్టం పెట్టినా ఆ సందులోంచే ఆమెను రెండు వాక్యాలు అడిగారని విన్నాను. "డిక్షనరీ ఉంది కదండీ, జనాన్నెందుకు చంపుతారు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"డిక్షనరీ ఎప్పుడైనా ఏడ్చిందా?" అన్నారాయన.

2012 వసంతంలో మా చర్చిలో పర్సిస్‌కి ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. మావాళ్లకి పరామర్శంటే వండుకెళ్లడమే. డబ్బాల నిండా పలావు మోసుకెళ్లి, "ఇంకా చిన్నపిల్లవి, మళ్లీ పుడతార్లేమ్మా" అని వచ్చారు. ఆ అమ్మాయి చర్చి మానేసింది. ఫోన్లు ఎత్తడం మానేసింది. చివరికి మొగుడితో కూడా మాట్లాడటం మానేసింది.

"కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే కార్ కూడా దిగలేదక్కా. ఇంట్లో ఫ్రిజ్ సౌండ్ తప్ప ఏం వినపడట్లేదు. నాకు భయంగా ఉంది" అన్నాడు ఆమె భర్త ఎవాన్. నాకూ భయమేసింది.

నేను ఈ సంగతి చెప్పగానే ఆనందబాబు గారు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకున్నారు. "పద, డ్రైవ్ చెయ్యి. డెడ్‌లైన్ ఉంది."

"ఏం డెడ్‌లైనండీ? మీరు చేసిన పుస్తకం అచ్చయిపోయి మార్కెట్లోకి కూడా వచ్చేసిందిగా!"

"ఆ ముక్క అక్కడ అన్నావంటే ఊరుకోను."

పర్సిస్ గొలుసు తియ్యకుండానే తలుపు కాస్త తెరిచింది.

"నేను పరామర్శకి రాలేదమ్మా, పనిమీద వచ్చాను" అన్నారాయన. "ఏ వాక్యం చదివినా అందరూ మొహమాటానికి టీ, టీ అంటున్నారు. ఈమధ్య నువ్వు ఎవర్నీ లెక్కచెయ్యట్లేదని విన్నాను. నాకు సరిగ్గా అలాంటి మనిషే కావాలి."

సిగ్గుతో నా ప్రాణం పోయింది. పర్సిస్ మాత్రం ఆయన్నీ ఆ సంచినీ కాసేపు చూసి గొలుసు తీసింది.

ఆ రోజు ఆయన ఏం చదివినా పర్సిస్‌ది ఒకటే మాట. తలుపు. తలుపు. తలుపు. తర్వాతి శనివారానికి కొంచెం పెద్ద మాటలొచ్చాయి. "అంకుల్, ఇలా అడిగితే వాళ్లని వెళ్లగొట్టి నేను లోపల గడియ పెట్టుకుంటాను." ఆయన మహా సంబరపడిపోయారు.

ఇంకో శనివారం, "వాట్ ఈజ్ యువర్ హెల్ప్ క్వశ్చన్?" అని చదివారు.

"అదేం ఇంగ్లీష్ అంకుల్?"

"డచ్చిలో బాగానే ఉంటుందమ్మా. ఏ సాయం కోరి వచ్చావని అడగడం. పోనీ, నీకేం సాయం కావాలి అంటే?"

"తలుపే. ఏం కావాలో తెలిస్తే వాళ్ల దగ్గరికెందుకు వెళ్తాను?"

"మరేమనమంటావు?"

"ఎక్కడ మొదలుపెడదాం అంటే చాలంకుల్."

ఆయన లాప్‌టాప్ మూసేశారు. "సరే తల్లీ. ఎక్కడ మొదలుపెడదాం?"

"పాపకి జుట్టు బాగా ఉంది" అంది పర్సిస్. "ఒత్తుగా, నల్లగా. ఎవరూ అడగలేదు."

వంటగదిలో గిన్నెలు కడుగుతున్న ఎవాన్ కుళాయి కట్టేసి, తడి చేతులతోనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమంతా వాళ్లిద్దరూ పాప గురించే మాట్లాడుకున్నారు. ఆనందబాబు గారు నోరెత్తకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

అయినా ఆయన శనివారాలు మానలేదు. వేసవి వచ్చేసరికి నాతో మొరపెట్టుకున్నారు. "మణీ, పుస్తకంలో సరుకు అయిపోయింది. ఇప్పుడు చెత్త వాక్యాలు నేనే పుట్టిస్తున్నాను. పొరపాటున మంచివి వచ్చేస్తున్నాయి. మంచివైతే ఆ పిల్ల దేన్ని తిట్టాలి?"

ఆ ఆదివారమే పర్సిస్ చర్చికొచ్చింది. ఆరాధన అయ్యాక నన్ను పార్కింగ్ లాట్‌లోకి లాక్కెళ్లింది. ఆయన అబద్ధం బయటపడిందనుకున్నాను.

"అక్కా, ఆ బుక్ అయిపోయింది కదా?"

"ఏ బుక్కు?" అన్నాను.

"నాకు మొదట్నుంచీ తెలుసు. కౌన్సెలింగ్‌కి రానన్నానని ఎవాన్ అంతకుముందే దాన్ని కొనిపెట్టాడు. మా షెల్ఫ్‌లోనే ఉంది, అంకుల్ పేరుతో సహా. దాని ఎదురుగానే కూర్చుని డెడ్‌లైన్, డెడ్‌లైన్ అంటుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను. నాకు ఇంకా నవ్వొస్తుందని అప్పుడే తెలిసింది." కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. "ఆయనకి చెప్పకండి, పాపం. కానీ ఈమధ్య అంకుల్ దగ్గర స్టాక్ అయిపోయినట్టుంది. తిట్టడానికి ఏం దొరకట్లేదు. మీ ఆఫీస్‌లో చెత్త వాక్యాలుంటే కొన్ని ఆయనకి అందేలా చూడండక్కా."

మా ఆఫీసులో వాటికి కరువా? సోమవారం పొద్దున్నే మా మేనేజరు రాసిన ఈమెయిళ్లన్నీ ఆయనకి పంపించేశాను.