ఫారంల మూడో గడి

మస్కట్‌ల నేను పిల్లల నర్సరీల ఆయాగ పని చేసిన. పాలు కలిపిచ్చుడు, ముక్కులు తుడుసుడు, జోకొట్టి పండవెట్టుడు నా పని. ఆ నర్సరీకి వచ్చే తల్లులు తీరుతీరు దేశాలోళ్లు. పొద్దున పిల్లలను దించి గేటు కాడ నిలబడి వాళ్లు మాట్లాడుకునే ముచ్చట ఎప్పుడూ ఒక్కటే. పెద్దగైనంక పిల్లలను మస్కట్‌ల చదివించాల్నా, దుబాయిల చదివించాల్నా? ఏ ఊర్ల ఇంటర్నేషనల్ స్కూల్ మంచిది? ఒక్క క్లాసుల ఎంతమంది పిల్లలు? పోయిన యేడు ఎంతమంది టీచర్లు మానేసిన్రు? బాత్రూంలు ఎట్లున్నయి? వాళ్ల ఇంగ్లీషు నాకు సగమే సమజయ్యేది. కని ఒక్క సంగతి మాత్రం పూరాగ సమజైంది. బడిని గూడ ప్రశ్న అడగొచ్చు.

నల్గొండ జిల్లా కేతేపల్లి దగ్గర మా ఊర్ల మా నాయిన నన్ను బడిల ఏసిననాడు సారుకు దండం పెట్టి, "కొట్టుండ్రి, తిట్టుండ్రి, చదువొస్తే చాలు" అని చెప్పి వచ్చిండు. బడిని అడుగుడు మాకు తెల్వది.

మా ఆయనది పాలమూరు. ఏసీలు బాగుచేస్తడు. ఆయన కంపెనీ మూతబడ్డంక బిడ్డను తీసుకొని ఇద్దరం వాపస్ వచ్చినం. బిడ్డకు అప్పుడు పదేండ్లు, అయిదో తరగతి అయిపోయింది. ఏసీ దుకాణం ఏడనన్న పెట్టుకోవచ్చు, ఎండ నల్గొండల ఎంతనో పాలమూరుల అంతే. గందుకే బడి ఏడ మంచిగుంటే ఆడ్నే ఇల్లు కిరాయికి తీసుకుందామనుకున్నం.

నల్గొండల మా అన్న ఉంటడు. "మనూర్ల ఇంటర్నేషనల్ స్కూల్ పెట్టిన్రు చెల్లె, కరస్పాండెంట్ నాకు ఎరుకైనాయినే" అన్నడు. పాలమూరుల మా బావ గూడ గదే మాట. ఆడ గూడ ఒక ఇంటర్నేషనల్ స్కూల్ ఉన్నదట. హైదరాబాద్ పట్నంల ఉండే మా ఆడిబిడ్డ అయితే ఫోన్ల పకపక నవ్వింది.

"బయటి దేశాలకెల్లి వచ్చినోళ్లు పట్నంల చూస్తరు వదినె బడులు. నల్గొండనా పాలమూరా అని తూకం ఏసేటోళ్లు మీరే."

"అవు, మేమే" అన్న. "రెండూ మా ఊర్లే. తూకం ఏస్తే మేమే ఎయ్యాలె."

ఒక నోట్‌బుక్కుల తెలుగుల ఆరు ప్రశ్నలు రాసుకున్న. ముందుగాల నల్గొండ బడికి పోయినం, నేను, నా బిడ్డ, మా అన్న. ఊరు దాటినంక రోడ్డు మీదనే ఉన్నది. అద్దాల తలుపులు, లోపల చల్లగ ఏసీ. అడ్మిషన్లు చూసే మేడం మంచిగనే కూసోబెట్టింది. బిడ్డతోని ఇంగ్లీషుల మాట్లాడి మెచ్చుకున్నది. నేను నోట్‌బుక్ తెరిచి, పోయిన యేడు ఎంతమంది టీచర్లు మానేసిన్రని అడిగిన. ఆమె నా దిక్కు, నా నోట్‌బుక్ దిక్కు చూసింది.

"అలాంటివి పేరెంట్స్ ఎవరూ అడగరండి."

"నేను అడుగుతున్న గద మేడం."

ఆమె ఫీజుల కాయితం నా ముంగటికి జరిపింది. బాత్రూం చూపియ్యమన్న. పేరెంట్స్‌కు చూపించేది లేదన్నది. పిల్లలు పోయేదే గద, చూస్తనంటే మా అన్న నా మోచెయ్యి గిచ్చిండు. ఆఖరికి తాళంచెవి తెప్పించిన్రు. ఆడపిల్లల బాత్రూంల నల్లా తిప్పితే గాలి వచ్చింది. మూలకు విరిగిన కుర్చీలు పేర్చిపెట్టిన్రు.

తిరిగి వచ్చి కూసున్నంక ఆ మేడం గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్క మాటండి, ఏమీ అనుకోకండి. పాప ఇంగ్లీషు చాలా బాగుంది. మీ యాస మాత్రం పాపకి అంటకుండా చూసుకోండి. గిట్ల, గట్ల అంటే ఇక్కడ పిల్లలు నవ్వుతారు."

తొమ్మిదేండ్లు పరాయి దేశంల ఉన్న. అరబ్బీ ముక్కలు నేర్చిన, మలయాళం నేర్చిన, హిందీ నేర్చిన. నోరు కడుక్కొని రమ్మని ఆడ ఎవ్వలూ అనలె. నేను పుట్టిన జిల్లాల, నేను ఇంటర్ చదివిన ఊర్ల అన్నరు.

"అంటుకోనీకి గిదేమన్న గజ్జా మేడం?" అన్న. "ఈ మాట ఈ ఊరిదే. నల్లాల నీళ్లు తేలేకపోయిన్రు గని నా నోట్లెకెల్లి మాట తీసేస్తరా?"

బిడ్డ చెయ్యి పట్టుకొని లేచిన. బయటికి వచ్చినంక మా అన్న బండి స్టార్ట్ చెయ్యకుంటనే నిలబడ్డడు. "నా ఇజ్జత్ తీసినవ్ గదనే. రేపు ఆ కరస్పాండెంట్‌కు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"నీ చెల్లె ఇజ్జత్ తీసినోళ్లే నీకు మొఖం చూపియ్యాలె అన్నా" అన్న.

ఆ మరుసటి వారం పాలమూరు బడికి పోయినం. ఈసారి నాతోని, బిడ్డతోని మా ఆయన వచ్చిండు. ఇది పాత బిల్డింగ్. బోర్డు మీద భూగోళం బొమ్మ ఒక్కటే కొత్తగున్నది. కిటికీ కాడ గుమాస్తా ఫారం ఇచ్చిండు. అండ్ల తండ్రి వివరం అని ఒక వరుస, ఆ వరుసల మూడు గడులు. ఒకటి లోకల్. రెండోది ఎన్నారై, ఎక్స్‌పాట్. మూడోది గల్ఫ్ లేబర్.

"ఎక్స్‌పాట్ అంటే ఎవలు సార్?" అని అడిగిన, నాకు తెలిసినా.

"బయటి దేశంల ఉద్యోగం చేసినోళ్లమ్మా."

"అయితే మేం గదే."

"ఏ దేశం?"

"మస్కట్."

"మస్కటా? గట్లయితే మీది మూడో గడి."

మా ఆయన పెన్ను తీసి మూడో గడి మీద పెట్టిండు. మా మామ బతికున్నన్ని దినాలు కాలువలు తవ్వనీకి, డ్యాములు కట్టనీకి రాష్ట్రాలు తిరిగిండు. పాలమూరు లేబర్ అంటే ఏ మేస్త్రీకైనా ఎరుకే. ఆ మాట చిన్నప్పటికెల్లి విని విని మా ఆయనకు తల వంచుడు అలవాటైంది. నాకు గుమాస్తా మీద కంటే ఆయన మీదనే ఎక్కువ కోపమొచ్చింది. ఆయన మణికట్టు పట్టుకొని ఆపిన.

"పోనీ తియ్యి, ఏదైతేంది?" అన్నడు నిమ్మళంగ.

"ఏదైతేంది అంటే మరి రెండోదే పెట్టు."

నర్సరీకి వచ్చే ఆ తల్లులను అందరూ ఎక్స్‌పాట్లు అనేటోళ్లు. వాళ్ల ఇండ్లల్ల ఏసీ ఆగితే పోయి బాగుచేసింది మా ఆయనే. వాళ్ల పాస్‌పోర్టు మీద వీసా ముద్ర కొట్టిన ఆఫీసే మా పాస్‌పోర్టు మీద గూడ కొట్టింది. ఇదే సంగతి గుమాస్తాకు చెప్పిన. ఆయనకు చెప్పి లాభం లేదని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి మళ్లా మొదటికెల్లి చెప్పిన.

ఆమె పెద్దమనిషి. ఈ జిల్లా ఆమెనే, మాటల తెలుస్తది. అంతా విన్నది. తరువాత నా నోట్‌బుక్కుల ప్రశ్నలు అడిగితే ఒక్కొక్కదానికి చెప్పింది. "పోయిన యేడు నలుగురు టీచర్లు మానేసిన్రమ్మా. ఎండకాలం జీతం మేం సక్కగ ఇయ్యలేదు, గందుకు." బాత్రూంలు తానే తీసుకపోయి చూపించింది. కడిగి ఉన్నయి, నీళ్లున్నయి, ఒకదానికి గొళ్లెం లేదు. లేదని ఆమెనే చెప్పింది. నా మనసుల తూకం ఆడ్నే తేలిపోయింది.

"గడి సంగతి నిజమే, కని ఫారాలు అచ్చయినయి" అన్నది ప్రిన్సిపాల్. "వచ్చే యేడు మార్పిస్త. మీ ఒక్క ఫారంల కొట్టేసుకోండి."

"మా ఒక్కదాంట్ల కొట్టేస్తే మా ఎనుక వచ్చేటోళ్ల సంగతేంది మేడం? ఒక స్కేలు, పెన్ను ఇయ్యుండ్రి. కట్ట మొత్తం నేనే కొట్టేస్త."

ఆమె నవ్విందో విసుక్కున్నదో నాకు తెల్వది. గుమాస్తాను పిలిచి కట్ట ఇయ్యమన్నది.

వరండాల బల్ల మీద కూసొని ఒక్కొక్క ఫారంల మూడో గడి మీద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టుడు మొదలుపెట్టిన. ఇందాక నా ఎనుక లైన్ల బురఖా ఏసుకున్న ఒకామె నిలబడి ఉండె. కిటికీ కాడ మా లొల్లి అంత విన్నది. వచ్చి పక్కన కూసున్నది.

"మా ఆయన రియాద్‌ల ట్రైలర్ నడుపుతడు అక్కా" అన్నది. "సగం నాకియ్యి."

ఇద్దరం కలిసి కొట్టినం. మా ఆయన కొంచెంసేపు దూరంగ నిలబడి, తరువాత వచ్చి కొట్టిన ఫారాలు సదురుకుంట కూసున్నడు. నా బిడ్డ మాత్రం గేటు కాడికి పోయి, మేమెవలమో తెల్వనట్టు రోడ్డు దిక్కు చూసుకుంట నిలబడ్డది.

మూడోనాడు బిడ్డ అన్నం తినుకుంట అడిగింది.

"లేబర్ అంటే తప్పా అమ్మా?"

"తప్పేం కాదు."

"మరి బాపును లేబర్ అంటే నీకెందుకు అంత కోపమొచ్చింది? ఎక్స్‌పాట్ అంటేనే గొప్పనా?"

ముద్ద కంచంల పెట్టిన. అందరినీ ప్రశ్నలు అడుగుకుంట తిరిగినదాన్ని, ఇప్పుడు నా బిడ్డ నన్నే అడిగింది. మా ఆయన నా దిక్కు చూసి చూడనట్టు పెరుగు ఏసుకున్నడు.

"లేబర్ గొప్పనే బిడ్డా" అన్న. "కని ఆ మాటను వాళ్లు గడి కట్టి పక్కకు పెట్టిన్రు. నేను కొట్టేసింది గడిని, మాటను కాదు."

నన్ను ఎన్ని తిట్టుకున్నా బిడ్డ ఆ పాలమూరు బడికే పోయింది. ఇంటర్నేషనల్ అనేది బోర్డుకే గని, లోపల అన్ని బడులసొంటి బడే. మా లొల్లి ముచ్చట క్లాసుల అందరికీ తెలిసి కొన్ని దినాలు నా బిడ్డను "గీతలు కొట్టినామె బిడ్డ" అని పిలిచిన్రట. తిరిగి ఏమన్నవని అడిగితే, "'అవు, అయితేంది?' అని అన్న" అని చెప్పింది. ఆనాడు నేను మనసుల ఎంత మురిసిన్నో దానికి చెప్పలె.

ఏడో తరగతిల ఉన్నప్పుడు, తల్లిదండ్రులు వచ్చి తమ పని గురించి పిల్లలకు చెప్పే దినం ఒకటి పెట్టిన్రు. డాక్టరు, వకీలు, బ్యాంకు మేనేజరు పేర్లు ముందే రాసుకున్నరు. నా బిడ్డ ఇంట్ల ఎవ్వలకు చెప్పకుంట వాళ్ల బాపు పేరు రాయించి వచ్చింది. మా ఆయన వినంగనే చెయ్యి ఊపిండు.

"నేను పోయి ఏం చెప్తనే? నాకు మాట్లాడొస్తదా?"

"మాట్లాడకు. విప్పి చూపియ్యి" అన్నది బిడ్డ.

పోయిండు. కంప్యూటర్ రూంల గోడకున్న ఏసీని పిల్లల ముంగటనే విప్పిండు. దాని జాలీ నిండ దుమ్ము, సాలెగూడు. గదేంది, గదెందుకు అని పిల్లలు మీద పడి అడిగిన్రట. ఆయన తనకొచ్చిన భాషతోనే చెప్పిండు. టైం అయిపోయిందని బ్యాంకు మేనేజరును పిలిచినా పిల్లలు లేవలేదట.

మాపటికి దుకాణంకెల్లి వచ్చి కాళ్లు కడుక్కున్నడు. ఏమైందని నేను అడగకముందే ఆయనే చెప్పిండు.

"రేపు మళ్ల పోవాలె. ఆ ప్రిన్సిపాల్ మేడం రూంల ఏసీ గూడ విప్పాల్నట. పిల్లలు చూస్తమన్నరు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల వంచలె.