తెరచాపలో నీలం పోగు

కరోనా తగ్గిన ఏడాది సంగతి. చీరాలలో మాది చీరలు నేయించే ఇల్లు. నూలు మేమిస్తాం, నేతవాళ్లు తమ ఇంట్లో మగ్గం మీద నేసి తెస్తారు. మా పనిని మాస్టర్ వీవర్ అంటారు. ముప్పై ఏళ్లలో ఎన్ని చీరలు చేతుల మీదుగా వెళ్లాయో గానీ, ఓడకు గుడ్డ నేయించింది మాత్రం ఒక్కసారే.

సింగరాయకొండ నుంచి రిటైరైన చరిత్ర మేష్టారొకరు వచ్చారు. రెండు వందల ఏళ్ల కిందటి బ్రిటిష్ యుద్ధనౌక నమూనాను ఆరేళ్లుగా చెక్కతో చేస్తున్నారట. ఇక తెరచాపలే మిగిలాయి. ఆయన జానెడు గుడ్డ ముక్క నా చేతిలో పెట్టి, "అచ్చం ఇలాగే కావాలండీ. ఒక్క పోగు తేడా రాకూడదు" అన్నారు. తలూపాను. పెళ్లిళ్ల సీజను, నా మనసు ఒకచోట ఉంటేగా! ముక్కను లక్ష్మికిచ్చి, "తెల్ల గుడ్డ. తప్పు పడిందో, ఊరుకునేది లేదు" అన్నాను. లక్ష్మి ఇరవై ఏళ్లుగా మాకు నేస్తోంది.

శుక్రవారం పొద్దున మేష్టారొచ్చి గుడ్డ విప్పి చూశారు. ఓడ ఆదివారం విశాఖ ప్రదర్శనకు బయల్దేరాలి.

"నీలం పోగేదండీ?"

గుడ్డతో పాటు లక్ష్మి తిరిగిచ్చిన ముక్క మళ్లీ చూశాను. నడిమధ్యన, నిలువునా ఒక్క నీలం పోగు!

"వాళ్ల నౌకాదళం గుడ్డకు అదే గుర్తండీ. రేవుల్లో తెరచాప గుడ్డ తెగ దొంగిలించేవాళ్లు. ఈ పోగున్న గుడ్డ ఎవరింట్లో దొరికినా రాజుగారి సొత్తని పట్టేసేవాళ్లు. అది లేకపోతే నాది ఆటబొమ్మేనండీ."

ఆ పోగు పడుగులోది, అంటే నిలువు దారాల్లోది. మగ్గానికి ఎక్కించేటప్పుడే పెట్టాలి. మళ్లీ నేయాలంటే వారం పడుతుంది. లక్ష్మిని పిలిపించి, ఆమె గుమ్మం దాటకముందే విరుచుకుపడ్డాను.

"కళ్లెక్కడ పెట్టుకుని నేశావే?"

"చూశా అన్నయ్యా. తెల్ల గుడ్డలో రంగు పోగంటే తప్పేగా? పోయినేడు అలాంటిదానికే చీర మొహాన కొట్టినంత పని చేశారు. అందుకే వదిలేశా."

"అడగొచ్చుగా!"

"అడిగితే అరుస్తారుగా."

మేష్టారు తల దించుకున్నారు. నాకు సిగ్గేసింది. 'అచ్చం ఇలాగే' అని ఆయన చెప్పిన మాట నేనామెకు చెప్పనే లేదు.

లక్ష్మే ముందు తేరుకుంది. "మేష్టారూ, తెరచాపల కొలతకు కోసివ్వండి. పొట్టి ముక్కలైతే పోగు మార్చొచ్చు" అంది. మధ్య తెల్ల పోగు చివర నీలం పోగు ముడేసి, అవతలి నుంచి మెల్లగా లాగింది. తెల్లది బయటికొస్తుంటే నీలం దాని దారిలోకి వెళ్లింది. నేనూ పక్కన కూర్చున్నాను. నా చేతిలో మూడుసార్లు తెగింది. మూడోసారి గట్టిగా విసుక్కున్నాను.

"నెమ్మది అన్నయ్యా, అరిస్తే రాదది" అంది.

శనివారం సాయంత్రానికి తెరచాపలన్నీ అయ్యాయి. మేష్టారు ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి చూసుకుని, లక్ష్మికి దణ్ణం పెట్టారు.

ఇప్పుడు ఏ నమూనా ఇచ్చినా ఎదురుగా కూర్చుని చెబుతాను. అర్థం కాకపోతే అడగమంటాను. అడుగుతున్నారు కూడా. కానీ మొన్న లక్ష్మి ఏదో అడగబోతూ, ఒక్క క్షణం ఆగి నా మొహం చూసింది.